'డెడ్‌లైన్' దాటితే కాల్చేసేవాళ్లు: మనం రోజూ వాడే నాలుగు ఇంగ్లీషు మాటల వెనక కథ

ఈ ఎపిసోడ్‌లో మనం ఇంగ్లీషు నేర్చుకోవడం గురించి కాదు, ఇంగ్లీషులో ఇరుక్కుపోయిన చరిత్ర గురించి మాట్లాడుకుందాం.

ఇంగ్లీషు ఇడియమ్స్ అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? కాంపిటీటివ్ పరీక్షల పుస్తకం వెనక రెండు కాలమ్‌ల లిస్టు. ఎడమపక్క ఇడియమ్, కుడిపక్క అర్థం. బట్టీ పట్టు, నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టు, మర్చిపో. అంతే కదా? కానీ ఆ లిస్టులో కొన్ని మాటలు ఉత్తినే పుట్టలేదు. ఒకటి జైల్లో పుట్టింది. ఒకటి మనుషుల్ని అమ్మే సంతలో పుట్టింది. ఒకటి జనం మీదికి గుర్రాల్ని తోలిన చట్టం నుంచి వచ్చింది. ఇంకొకటైతే ఒక మనిషి ఇంటిపేరు. ఆయన బతికుండగానే అది క్రియాపదం అయిపోయింది, ఆయన కళ్ల ముందే ప్రపంచమంతా తిరిగింది.

ఇవాళ ఆ నాలుగు మాటలే చూద్దాం. చివర్లో, ఇలాంటి కథలు మన ఫోన్లోకి ఫార్వర్డ్‌గా వచ్చినప్పుడు ఏది నిజమో ఏది కట్టుకథో ఎలా పట్టుకోవాలో కూడా చెప్తాను. అది మాత్రం స్కిప్ చేయొద్దు.

ఒకటి: డెడ్‌లైన్

ప్రాజెక్టు సబ్మిట్ చేయడానికి డెడ్‌లైన్, ఫీజు కట్టడానికి డెడ్‌లైన్, అప్లికేషన్‌కి డెడ్‌లైన్. రోజుకి నాలుగుసార్లైనా వినే మాట. తెలుగులో దీనికి 'గడువు' అనే చక్కని మాట ఉంది. గడవడం నుంచి వచ్చింది గడువు. కాలం గడుస్తుంది, అంతే. అందులో చావు లేదు. మరి ఇంగ్లీషు మాటలో 'డెడ్' ఎందుకుంది?

1864. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. ఉత్తరాది రాష్ట్రాలు ఒకవైపు, బానిసత్వం ఉండాల్సిందేనని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు ఇంకోవైపు. జార్జియా రాష్ట్రంలో ఆండర్సన్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర దక్షిణాదివాళ్లు ఒక జైలు కట్టారు. ఉత్తరాది సైనికుల్ని పట్టుకొచ్చి పడేయడానికి. జైలంటే గదులు, పైకప్పు ఊహించుకోకండి. ఖాళీ స్థలం చుట్టూ దాదాపు 15 అడుగుల ఎత్తున పైన్ దుంగలు పాతి గోడ కట్టారు. లోపల నీడ లేదు. మధ్యలో ఒక మురికి వాగు. తాగడానికీ అదే నీళ్లు, కడుక్కోవడానికీ అవే నీళ్లు.

ఆ జైలు 10,000 మంది కోసం అనుకున్నారు. 1864 ఆగస్టు వచ్చేసరికి అందులో దాదాపు 33,000 మంది ఉన్నారు. అదీ 26 ఎకరాల పైచిలుకు స్థలంలో.

ఇప్పుడు అసలు విషయం. ఆ దుంగల గోడకి లోపలివైపు, దాదాపు 19 అడుగుల దూరంలో ఇంకొక చిన్న కంచె వేశారు. కంచె అంటే, గుంజలు పాతి వాటి మీద సన్నని కర్ర బద్దలు కొట్టారు, అంతే. ఎవరైనా దాటగలరు. కానీ గోడ మీద మంచెల్లో కాపలావాళ్లు తుపాకులతో కూర్చుని ఉంటారు. ఆ కర్ర దాటితే కాల్చేయొచ్చు. దాని మీదికి చెయ్యి చాపినా కాల్చేయొచ్చు. ఆ గీతకి వాళ్లు పెట్టుకున్న పేరే 'డెడ్ లైన్'.

వాగు దగ్గర నీళ్లు కొంచెం తేటగా ఉండేది ఆ గీత అవతలే. దాహం తట్టుకోలేక గీత కిందినుంచి చెయ్యి చాపి నీళ్లు ముంచుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఆ జైలు నడిచింది దాదాపు 14 నెలలు. మొత్తం వచ్చింది 45,000 మంది. చనిపోయింది దాదాపు 13,000 మంది. అందులో ఎక్కువమంది తూటాకి కాదు, విరేచనాలకి, విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ జబ్బుకి, ఆకలికి పోయారు. యుద్ధం అయిపోయాక ఆ జైలు అధికారి హెన్రీ విర్జ్ మీద వాషింగ్టన్‌లో విచారణ జరిపి, 1865 నవంబర్ 10న ఉరి తీశారు. ఆ విచారణలో 'డెడ్ లైన్' మాట మళ్లీ మళ్లీ వచ్చింది, పేపర్లలో అచ్చయింది. అలా దేశమంతా తెలిసింది.

ఇక్కడ ఒక కుర్రాడి గురించి చెప్పుకోవాలి. పేరు డోరెన్స్ ఆట్‌వాటర్. ఖైదీయే. చేతిరాత బాగుందని చనిపోయినవాళ్ల రిజిస్టర్ రాసే పని ఇతనికి అప్పగించారు. రాయమన్న కాపీ రాస్తూనే, రహస్యంగా తన కోసం ఇంకో కాపీ రాసుకున్నాడు. దొరికితే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. విడుదలయ్యాక ఆ లిస్టు బయటపెట్టాడు. 1865 వేసవిలో నర్స్ క్లారా బార్టన్, ఇతనూ, ఇంకొంతమంది కలిసి అక్కడికి వెళ్లి, సమాధుల మీద పేర్లు రాయించారు. దాదాపు 13,000 సమాధుల్లో పేరు తెలియనివి దాదాపు 460 మాత్రమే. ఒక్క కుర్రాడు దొంగచాటుగా రాసుకున్న కాగితాల వల్ల వేలమంది తల్లులకి తమ కొడుకు ఎక్కడున్నాడో తెలిసింది.

మరి ఈ గీత టైముగా ఎలా మారింది? దాటకూడని హద్దు అనే అర్థంతో అమెరికాలో ఆ మాట వాడుకలో ఉండిపోయింది. ప్రింటింగ్ ప్రెస్సుల్లో కూడా, ఏ గీత దాటితే అక్షరం సరిగ్గా అచ్చుపడదో దానికి ఇదే పేరు పెట్టుకున్నారు. 20వ శతాబ్దం మొదట్లో న్యూస్‌పేపర్ ఆఫీసుల్లో 'ఈ టైము దాటితే వార్త పేపర్లోకి ఎక్కదు' అనే అర్థంలో స్థిరపడింది. నేల మీది గీత కాస్తా గడియారం మీదికి ఎక్కిందన్నమాట.

రెండు: సోల్డ్ డౌన్ ద రివర్

నమ్మినవాడే మోసం చేస్తే ఇంగ్లీషులో 'సోల్డ్ డౌన్ ద రివర్' అంటారు. అంటే ఏటి కిందికి అమ్మేశాడు అని. దీనికి మనం తెలుగులో ఏమంటాం? 'నట్టేట ముంచాడు' అంటాం. చూశారా, రెండు భాషల్లోనూ నమ్మకద్రోహానికి ఏరే వచ్చింది. కానీ తేడా ఉంది. మన సామెతలో ఏరు ముంచేస్తుంది, అక్కడితో కథ అయిపోతుంది. వాళ్ల మాటలో మనిషి మునగడు. బతికే ఉంటాడు. ఏరు అతన్ని ఇంకో చోటికి తీసుకెళ్లి దింపుతుంది. అసలు నరకం అక్కడ మొదలవుతుంది.

ఆ ఏరు ఉత్తుత్తి ఏరు కాదు. ఒహాయో నది, అది కలిసే మిసిసిపీ నది.

1793లో ఎలీ విట్నీ పత్తి గింజ తీసే యంత్రం తయారుచేశాడు. దాంతో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పత్తి సాగు విపరీతంగా పెరిగింది. ఇంగ్లండ్ మిల్లులు ఎంత పత్తి పంపితే అంత కొనేవి. పత్తి ఏరడానికి మనుషులు కావాలి. 1808 జనవరి 1 నుంచి ఆఫ్రికా నుంచి బానిసల్ని దిగుమతి చేయడం చట్టప్రకారం ఆగిపోయింది. మరి మనుషులు ఎక్కడినుంచి వస్తారు? దేశం లోపలినుంచే. వర్జీనియా, మేరీలాండ్, కెంటకీ లాంటి పైరాష్ట్రాల్లో పొగాకు సాగు తగ్గింది. అక్కడి యజమానులు తమ దగ్గరున్న బానిసల్ని కింది రాష్ట్రాలకు అమ్మడం మొదలుపెట్టారు.

కెంటకీలో లూయీవిల్ పెద్ద బజారు. అక్కడ పడవ ఎక్కిస్తే ఒహాయో మీదుగా మిసిసిపీలోకి, నాచెజ్‌కో న్యూ ఆర్లీన్స్‌కో చేర్చేవాళ్లు. కొంతమందిని గొలుసులు కట్టి వందల మైళ్లు నడిపించారు. అంతర్యుద్ధం వచ్చేలోపు ఇలా పైనుంచి కిందికి తరలించినవాళ్లు దాదాపు 10 లక్షలమంది.

వాళ్లని ఒక్కొక్కరుగా అమ్మేవాళ్లు. తల్లి ఒకరికి, పిల్ల ఇంకొకరికి. భర్త ఇక్కడే, భార్య అక్కడికి. బానిసల పెళ్లికి చట్టంలో గుర్తింపే లేదు కాబట్టి విడదీయడానికి అడ్డూ లేదు. అందుకే పైరాష్ట్రాల్లో యజమానుల దగ్గర కొరడా కంటే పెద్ద బెదిరింపు ఒకటి ఉండేది. 'మాట వినకపోతే ఏటి కిందికి అమ్మేస్తా.' ఆ మాటకి వణికిపోయేవాళ్లు. 1852లో హారియట్ బీచర్ స్టోవ్ రాసిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' నవల మొదలయ్యేదే ఈ అమ్మకంతో. కెంటకీ యజమాని అప్పుల్లో పడి, నమ్మకంగా పనిచేసిన టామ్‌ని అమ్మేస్తాడు. 'నమ్మించి మోసం' అనే అర్థం ఎక్కడిదో మీకు ఇప్పుడు అర్థమైపోయి ఉంటుంది.

1865లో బానిసత్వం రద్దయింది. అయ్యాక వాళ్లు ఏం చేశారో తెలుసా? పేపర్లలో ప్రకటనలు ఇచ్చారు. 'మా అమ్మ పేరు ఇది, మమ్మల్ని ఫలానా ఊళ్లో ఫలానా వాడు అమ్మాడు, ఆమె జాడ తెలిసినవాళ్లు చెప్పండి' అని. నల్లజాతి చర్చిల్లో పాస్టర్లు ఆ ప్రకటనలు గట్టిగా చదివి వినిపించేవాళ్లు. అలాంటి ప్రకటనలు కొన్ని దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాయి. నలభై ఏళ్ల తర్వాత కూడా తల్లిని వెతుక్కుంటున్న పిల్లలు. ఆ పిల్లలు అప్పటికి ముసలివాళ్లు.

ఇప్పుడు ఒక ఆటగాడిని ఇంకో టీమ్‌కి మార్చేస్తే కూడా ఫ్యాన్స్ ఈ మాట వాడేస్తారు. తప్పని నేను అనను. కానీ ఆ మాట మొదట ఎవరి నోటి నుంచి వచ్చిందో తెలిసి వాడటం వేరు.

మూడు: రీడ్ ద రయట్ యాక్ట్

ఆఫీసులో టీమ్ మొత్తం లేటుగా వస్తుంటే మేనేజర్ పిలిచి గట్టిగా తిట్టాడనుకోండి. మనం 'క్లాసు పీకాడు' అంటాం. ఇంగ్లీషువాడు 'రయట్ యాక్ట్ చదివి వినిపించాడు' అంటాడు. చాలామంది ఇది ఊరికే ఒక పోలిక అనుకుంటారు. కాదు. రయట్ యాక్ట్ నిజమైన చట్టం. దాన్ని నిజంగానే జనం ముందు నిలబడి చదివేవాళ్లు.

1714లో బ్రిటన్ రాణి ఆన్ చనిపోయింది. జర్మనీలోని హనోవర్ నుంచి మొదటి జార్జ్ వచ్చి రాజయ్యాడు. ఆయన్ని ఒప్పుకోనివాళ్లు చాలామంది. ఊరూరా గొడవలు. దాంతో పార్లమెంటు ఈ చట్టం చేసింది. 1715 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. రూల్ ఏంటంటే, 12 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది గుమిగూడి గొడవ చేస్తున్నారని అనిపిస్తే, మేజిస్ట్రేట్ వచ్చి రాజు పేరు మీద ఒక చిన్న ప్రకటన గట్టిగా చదవాలి. చదివిన గంట లోపు అందరూ వెళ్లిపోవాలి. గంట దాటాక కూడా అక్కడే ఉంటే అది మరణశిక్ష పడే నేరం. జనాన్ని చెదరగొట్టేటప్పుడు ఎవరైనా చచ్చిపోతే అధికారుల మీద కేసు ఉండదు.

ఒక్క కిటుకు ఉంది. ఆ ప్రకటనని ఉన్నది ఉన్నట్టు చదవాలి. చివర్లో రాజుని దేవుడు కాపాడాలి అనే వాక్యం ఉంటుంది. అది వదిలేశారని కోర్టులో కేసు వీగిపోయిన సందర్భం కూడా ఉంది.

ఇప్పుడు 1819 ఆగస్టు 16కి వద్దాం. మాంచెస్టర్. బట్టల మిల్లులతో కిటకిటలాడే ఊరు. అంత పెద్ద ఊరికి పార్లమెంటులో సొంత ఎంపీ ఒక్కడూ లేడు. అదే టైములో ఓల్డ్ సారమ్ అని, జనమే లేని ఒక దిబ్బకి ఇద్దరు ఎంపీలు ఉండేవాళ్లు. మాకూ ఓటు కావాలని దాదాపు 60,000 మంది సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే మైదానానికి వచ్చారు. చాలామంది ఆదివారం బట్టలేసుకుని, పిల్లాపాపలతో వచ్చారు. ఆడవాళ్ల సంఘాలు తెల్ల బట్టల్లో వచ్చాయి. వక్త పేరు హెన్రీ హంట్.

మైదానం పక్క ఇంట్లోంచి చూస్తున్న మేజిస్ట్రేట్లు భయపడిపోయారు. హంట్‌ని అరెస్టు చేయమన్నారు. గుర్రపు దళం కత్తులు దూసి జనంలోకి దూరింది. కనీసం 15 మంది చనిపోయారు, వందలమందికి గాయాలయ్యాయి. గుర్రాలు మైదానానికి వస్తున్న దారిలోనే తల్లి చేతుల్లోని రెండేళ్ల పిల్లాడు కిందపడి చనిపోయాడు. ఆ రోజు మొదటి చావు అదే. మరి రయట్ యాక్ట్ చదివారా? చదివాం అన్నారు మేజిస్ట్రేట్లు. జనంలో చాలామంది మాకేం వినపడలేదన్నారు. వినపడిందే అనుకుందాం, గంట టైము ఇవ్వాలి కదా? ఇవ్వలేదు.

నాలుగేళ్ల ముందే వాటర్లూ యుద్ధంలో నెపోలియన్ మీద గెలిచిన దేశం అది. ఆ గెలుపుని వెక్కిరిస్తూ పేపర్లవాళ్లు ఈ ఘటనకి 'పీటర్లూ' అని పేరు పెట్టారు. సొంత జనం మీద గెలిచారు అని. దాని తర్వాతే 1821లో మాంచెస్టర్ గార్డియన్ పేపర్ పుట్టింది. ఇవాళ్టి గార్డియన్ అదే. 1832 సంస్కరణల చట్టంతో మాంచెస్టర్‌కి ఎంపీలొచ్చారు. రయట్ యాక్ట్ మాత్రం చట్టాల పుస్తకంలోంచి పూర్తిగా పోయింది 1973లో. చట్టం పోయింది, మాట మిగిలింది.

మనకిది కొత్తగా అనిపించకపోవచ్చు. మన దగ్గర '144 సెక్షన్' అనే మాట చిన్నపిల్లలకి కూడా తెలుసు. 2024 జూలై 1న కొత్త చట్టం వచ్చాక ఆ నంబర్ 163 అయింది కానీ జనం నోట్లో ఇంకా 144 అనే నడుస్తోంది. చూస్తూ ఉండండి, కొన్నేళ్లకి అది కూడా ఒక ఇడియమ్ అయిపోతుంది. సినిమా డైలాగుల్లో ఇప్పటికే సగం అయిపోయింది.

నాలుగు: బాయ్‌కాట్

ఇది అన్నిటికంటే ఇంట్రెస్టింగ్. సినిమా నచ్చకపోతే బాయ్‌కాట్, బ్రాండ్ నచ్చకపోతే బాయ్‌కాట్, హ్యాష్‌ట్యాగ్ రెడీ. కానీ బాయ్‌కాట్ అంటే ఒక మనిషి. కెప్టెన్ చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్.

ఐర్లాండ్‌లో అప్పుడు భూములు కొద్దిమంది పెద్ద భూస్వాముల చేతిలో ఉండేవి. సాగు చేసేది కౌలు రైతులు. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువులో దాదాపు 10 లక్షలమంది చచ్చిపోయారు, ఇంకో 10 లక్షలకు పైగా దేశం వదిలిపోయారు. ఆ గాయం మానకముందే 1879లో మళ్లీ పంట పోయింది. ఆ ఏడాదే మైకేల్ డావిట్, చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ లాంటివాళ్లు ల్యాండ్ లీగ్ పెట్టారు.

1880 సెప్టెంబర్ 19న ఎన్నిస్ అనే ఊళ్లో పార్నెల్ ఒక సభలో మాట్లాడాడు. కౌలు కట్టలేదని ఒక రైతుని వెళ్లగొడితే, ఆ పొలం తీసుకున్నవాడిని ఏం చేయాలి? కాల్చేయాలి అని జనంలోంచి అరుపులు. పార్నెల్ వద్దన్నాడు. కొట్టొద్దు, చంపొద్దు. దారిలో కనిపిస్తే పలకరించకండి, కొట్లో సరుకివ్వకండి, గుళ్లో పక్కన కూర్చోకండి. ఒంటరిగా వదిలేయండి అన్నాడు.

కొద్ది రోజుల్లోనే మేయో జిల్లాలో అది అమలైంది. అక్కడ లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు మన కెప్టెన్ బాయ్‌కాట్. రైతులు కౌలు 25 శాతం తగ్గించమన్నారు. భూస్వామి 10 శాతం అన్నాడు. కుదరలేదు. బాయ్‌కాట్ ఖాళీ చేయించే నోటీసులు పంపాడు. నోటీసులు తెచ్చినవాడిని ఊరి ఆడవాళ్లు తరిమేశారు. ఆ తర్వాత పనివాళ్లు మానేశారు. వంటమనిషి లేదు, బట్టలు ఉతికేవాళ్లు లేరు, కమ్మరి రాడు, కొట్టువాడు సరుకివ్వడు. పొలంలో పంట పండి నిలబడి ఉంది, కోసే చెయ్యి లేదు.

బాయ్‌కాట్ తన గోడు వెళ్లబోసుకుంటూ లండన్ టైమ్స్‌కి ఉత్తరం రాశాడు. దాంతో పెద్ద గోల. నవంబర్‌లో ఉత్తరం వైపు జిల్లాల నుంచి 50 మంది కూలీలు వచ్చారు. వాళ్లకి కాపలాగా దాదాపు 1,000 మంది సైనికులు, పోలీసులు. కొన్ని వందల పౌండ్ల పంట కోయడానికి దాదాపు 10,000 పౌండ్లు ఖర్చయిందని అప్పటి అంచనా. నవంబర్ 27న బాయ్‌కాట్ ఆ ఊరు వదిలి వెళ్లిపోయాడు.

ఇక మాట ఎలా పుట్టిందో వినండి. ఆ ఊరి చర్చి ఫాదర్ పేరు జాన్ ఓ'మాలీ. అమెరికా జర్నలిస్టు జేమ్స్ రెడ్‌పాత్ ఆయన దగ్గర కూర్చుని, జరిగినదానికి ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తున్నాడు. ఇంగ్లీషులో 'ఆస్ట్రసైజ్' అని ఒక మాట ఉంది. గ్రీకు నుంచి వచ్చింది. అది మా రైతులకి అర్థం కాదన్నాడు ఫాదర్. కాసేపు ఆలోచించి, 'టు బాయ్‌కాట్' అంటే ఎలా ఉంటుంది అన్నాడు. అంతే. నెల తిరక్కముందే పేపర్లన్నీ పట్టుకున్నాయి. ఫ్రెంచి, జర్మన్, రష్యన్ భాషల్లోకి కూడా వెళ్లిపోయింది. చదువురాని రైతులకి అర్థమవ్వాలని పుట్టిన మాట కాబట్టే అంత దూరం పోయింది.

పాతికేళ్లలో మన దేశానికీ వచ్చింది. బెంగాల్‌ని విడగొడుతున్నారని 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్ సభలో విదేశీ వస్తువుల బాయ్‌కాట్ తీర్మానం చేశారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతానికి వచ్చి ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. రాజమండ్రిలో ఆయన ఇంగ్లీషు ప్రసంగాన్ని తెలుగులోకి చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆ ఊపులో వందేమాతరం అన్నందుకు రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని తీసేశారు. 1928లో సైమన్ కమిషన్ బాయ్‌కాట్ రోజున మద్రాసులో టంగుటూరి ప్రకాశం గారు పోలీసు తుపాకీకి గుండె చూపించింది మనందరికీ తెలిసిన కథే. ఐర్లాండ్ పల్లెలో పుట్టిన మాట మన స్కూల్ పుస్తకంలోకి అలా వచ్చిందన్నమాట.

అయితే ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ పద్ధతి మనకి 1905లో కొత్తగా వచ్చిందా? లేదు. మన ఊళ్లలో ఎప్పటినుంచో 'వెలి' ఉంది. నీళ్లు తోడుకోనివ్వరు, కొట్లో సరుకివ్వరు, పనికి పిలవరు, మాట్లాడరు. చూడటానికి కెప్టెన్ బాయ్‌కాట్‌కి జరిగినట్టే ఉంది కదా? కానీ బాయ్‌కాట్‌ని వెలేసింది భూమి లేనివాళ్లు, అతనేమో భూస్వామి మనిషి. వెనక ప్రభుత్వం, సైన్యం ఉన్నాయి. ఊరు వదిలినా అతనికి బతుకు ఉంది. మన ఊళ్లలో వెలి ఎక్కువసార్లు దీనికి తలకిందులు. పొలమూ కొట్టూ ఉన్నవాళ్లు, కూలీ మీద బతికే దళితుల్ని వెలేస్తారు. అక్కడ నాలుగు రోజులు పని ఆగితే పొయ్యి వెలగదు.

అందుకే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, దళితుల మీద, ఆదివాసీల మీద సామాజిక, ఆర్థిక బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం కూడా నేరమని రాశారు. ఇంగ్లీషు చట్టంలో ఉన్న మాట ఏంటో తెలుసా? 'బాయ్‌కాట్'. బలం లేనివాళ్ల ఆయుధంగా పుట్టిన మాట, బలం ఉన్నవాళ్ల నేరానికి పేరైంది. కాబట్టి ఈసారి ఏదైనా బాయ్‌కాట్ హ్యాష్‌ట్యాగ్ కనిపిస్తే నొక్కేముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఇక్కడ ఎవరు పైన ఉన్నారు, ఎవరు కింద ఉన్నారు?

మరి ఫార్వర్డ్‌లని నమ్మొచ్చా?

ఇప్పుడు మొదట్లో చెప్పిన విషయం. ఇడియమ్స్ కథలంటే అందరికీ ఇష్టం. అందుకే కట్టుకథలు కూడా ఎక్కువే. 1999లో 1500 సంవత్సరాల కాలపు జీవితం అంటూ ఒక ఈమెయిల్ ప్రపంచమంతా తిరిగింది. అందులోని కథలే ఇప్పటికీ మన గ్రూపుల్లో రంగురంగుల ఫొటోలతో తిరుగుతున్నాయి.

ఉదాహరణకి, కుండపోతగా వాన పడితే ఇంగ్లీషులో 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటారు. పూర్వం గడ్డి కప్పుల మీద కుక్కలూ పిల్లులూ పడుకునేవి, వానకి జారి కిందపడేవి, అందుకే ఆ మాట అని ఆ ఈమెయిల్. మన పల్లెల్లో తాటాకు ఇల్లు చూసినవాళ్లెవరైనా చెప్పండి, జోరువానలో కుక్క ఇంటి కప్పెక్కి పడుకుంటుందా? అరుగు కిందికి దూరుతుంది గానీ.

ఇంకోటి 'సేవ్డ్ బై ద బెల్'. పొరపాటున బతికుండగానే పాతిపెట్టేస్తారేమో అని శవపేటికలో తాడు కట్టి, పైన గంట కట్టేవాళ్లు, దాని వల్ల వచ్చిందని కథ. వినడానికి ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ మాట వచ్చింది బాక్సింగ్ నుంచి. దెబ్బలు తిని పడబోతున్నవాడు రౌండ్ అయిపోయిందని గంట మోగడంతో గట్టెక్కుతాడు. 19వ శతాబ్దం చివర్లో పుట్టిన మాట.

ఏది నిజమో పట్టుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఒకటి, ఆ మాట మొదట ఎప్పుడు అచ్చయింది? కథ 1500ల నాటిదని చెప్పి, మాట 300 ఏళ్ల తర్వాత మొదటిసారి కనిపిస్తే అనుమానించాలి. రెండు, కథలో ఊరు, తేదీ, మనిషి ఉన్నాయా, లేక 'పూర్వం ఇంగ్లండ్‌లో' అని గాల్లో ఉందా? మూడు, ఆ కాలంలో రాసిన కాగితం ఏదైనా ఉందా? ఆండర్సన్‌విల్ గీతకి కోర్టు రికార్డు ఉంది. బాయ్‌కాట్‌కి ఆయన రాసిన ఉత్తరమే ఉంది. రయట్ యాక్ట్‌కి చట్టమే ఉంది. ఏటి కిందికి అమ్ముడైనవాళ్లకి అమ్మకం రసీదులు, పేపర్ ప్రకటనలు ఉన్నాయి. పిల్లులు జారిపడ్డాయనడానికి ఏమీ లేదు.

ఒకటి గమనించారా? కట్టుకథల్లో మనుషులు ఉండరు, తమాషా ఉంటుంది. నిజమైన కథల్లో పేర్లుంటాయి. ఆట్‌వాటర్ ప్రాణం పణంగా పెట్టి రాసుకున్నది కూడా పేర్లే కదా.

మీకు ఒక చిన్న పని. మీ అమ్మమ్మో తాతయ్యో వాడే ఒక నానుడి, మీకు అర్థం తెలియనిది, ఒకటి పట్టుకోండి. అది ఎక్కడ పుట్టిందో వాళ్లనే అడిగి, కామెంట్లో రాయండి. పనిముట్టు పేరైనా పర్లేదు, ఊరి గొడవైనా పర్లేదు. మంచివి కొన్ని తీసుకుని, పైన చెప్పిన మూడు ప్రశ్నలతో ఇంకో ఎపిసోడ్‌లో కలిసి చూద్దాం.

అప్పటిదాకా ఉంటాను మరి. నమస్తే.